మేడమీద క్లాసులో ఎనిమిది ఆదివారాలు: లెక్క, అడుగు, తాళం కలిసిన ఒక శిక్షణపై సమీక్ష

విజయనగరం కోటకు కొద్ది దూరంలో, ఒక పాత ఇంటి మేడమీద, గణితం, నాట్యం, సంగీతం మూడింటినీ కలిపి పిల్లలచేతనే ఒక ప్రదర్శన తయారు చేయించే శిక్షణ నడుస్తోంది. దానికి ఇంకా బోర్డు లేదు. వీధి మొదట్లో ఉన్న కిరాణా కొట్టులో అడిగితే "మేడమీద క్లాసా?" అని దారి చూపిస్తారు. నేను నెల్లిమర్ల వైపు ఒక ఉన్నత పాఠశాలలో గణితం చెబుతాను. మా బడిలో ఏడు నుంచి తొమ్మిది తరగతులు చదివే పదకొండు మంది పిల్లలను వరుసగా ఎనిమిది ఆదివారాలు అక్కడికి తీసుకువెళ్లాను. ఎనిమిది మంది అడుగులు నేర్చుకున్నారు, ముగ్గురు పాటకూ తాళానికీ కూర్చున్నారు. పిల్లవాడికి 1,800 రూపాయల చొప్పున తీసుకున్నారు, గజ్జెల అద్దె వేరు. పెట్టిన సొమ్ముకూ, వెచ్చించిన కాలానికీ తగిన శిక్షణ అని ముందుగానే చెబుతున్నాను. అయితే అక్కడ తయారైన ప్రదర్శనలో కొన్ని ఘట్టాలు ఎంత గట్టిగా నిలిచాయో, కొన్ని అంత పేలవంగా మిగిలిపోయాయి. ఆ తేడా ఎందుకు వచ్చిందో తెలిస్తే తరువాత వెళ్లేవారికి ఉపయోగపడుతుందని ఇంత వివరంగా రాస్తున్నాను.

నేర్పేవారు ముగ్గురు: ఉద్యోగ విరమణ చేసిన గణిత లెక్చరరు గారు, కూచిపూడి నేర్పే టీచరు గారు, మృదంగం మేస్టారు. మొదటి ఆదివారం లెక్చరరు గారు ఏదైనా సూత్రంతో మొదలుపెడతారని నేను అనుకున్నాను. ఆయన గోడ పక్కన కుర్చీలో కూర్చుని ఒక్క మాట కూడా మాట్లాడలేదు. మృదంగం మేస్టారు పిల్లలను చాపల మీద కూర్చోబెట్టి ఆదితాళం వేయించారు. ఒక దెబ్బ, మూడు వేళ్లు కలిపి లఘువు అనే తాళ భాగానికి నాలుగు లెక్కలు, తరువాత దెబ్బ, విసురు, మళ్లీ దెబ్బ, విసురుతో రెండు ద్రుతాలకు నాలుగు, మొత్తం ఎనిమిది లెక్కలు ఒక ఆవర్తనం. అది చేతికి పట్టాక, లెక్కకు ఒక అక్షరం చొప్పున నోటితో "తకిట, తకిట" అనమన్నారు. మూడేసి అక్షరాల మాట ఎనిమిదేసి లెక్కల తాళం మీద పడుతూ ఉంటే, మొదటి ఆవర్తనం ముగిసేసరికి మాట మధ్యలో తెగింది, రెండో ఆవర్తనంలోనూ తెగింది, మూడో ఆవర్తనం చివర మాటా తాళమూ ఒకేసారి ముగిశాయి, మళ్లీ "త" సరిగ్గా సమం మీద, అంటే ఆవర్తనం తొలి దెబ్బ మీద పడింది. చెప్పకుండానే పిల్లలందరూ తలలు ఎత్తి ఒకరినొకరు చూసుకున్నారు.

మూడుకూ ఎనిమిదికీ క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం) 24 అని నేను ఏళ్ల తరబడి నల్లబల్ల మీద రాస్తూనే ఉన్నాను. అది ఒక కలయిక అని, దాని కోసం ఎదురుచూడవచ్చునని, అది వచ్చినప్పుడు ఒంటికి తెలుస్తుందని నాకు ఆ రోజే అర్థమైంది. తరువాత ఐదక్షరాల మాటకు ఐదు ఆవర్తనాలు పట్టాయి, ఏడక్షరాల మాటకు ఏడు పట్టాయి. దాంతో ఎన్ని అక్షరాలైతే అన్ని ఆవర్తనాలని పిల్లలు తీర్మానించుకున్నారు. అప్పుడు మేస్టారు ఆరక్షరాల మాట ఇచ్చారు. మూడో ఆవర్తనం చివరకే కలిసిపోయింది. ఏడో తరగతి పిల్ల లేచి "మేస్టారూ, ఆరైతే మూడింటికే వచ్చేసిందేటి?" అని అడిగింది. అప్పటివరకూ మౌనంగా ఉన్న లెక్చరరు గారు కుర్చీ ముందుకు జరుపుకున్నది ఆ ప్రశ్నకే. ఆరుకూ ఎనిమిదికీ ఉమ్మడిగా రెండు ఉందని, మూడు, ఐదు, ఏడులకు ఎనిమిదితో అలాంటి చుట్టరికం ఏదీ లేదని ఆయన చెప్పిన రెండు వాక్యాలు పిల్లలకు జవాబుగా అందాయి, పాఠంగా కాదు. ఈ శిక్షణలో నాకు అన్నింటికన్నా నచ్చిన పద్ధతి ఇదే: ప్రశ్న చేతుల్లోంచీ కాళ్లలోంచీ పుట్టేదాకా గణితం నోరు విప్పదు.

ప్రదర్శనకు ప్రాణమైన ఘట్టం మూడో ఆదివారం మొదలైంది. పద్యాలకు గణ విభజన చేసిన ప్రతి తెలుగు విద్యార్థికీ "యమాతారాజభానసలగం" తెలుసు. అందులో ఏ అక్షరం దగ్గర మొదలుపెట్టి మూడక్షరాలు తీసుకుంటే ఆ అక్షరం పేరు గల గణం, అంటే మూడక్షరాల గుంపు, వస్తుంది: యమాతా అంటే యగణం, మాతారా అంటే మగణం, అలా సలగం అంటే సగణం వరకు. మనం దీన్ని గుర్తు పెట్టుకోవడానికి ఒక కిటుకుగా మాత్రమే వాడుకుని వదిలేస్తాం. లెక్చరరు గారు పిల్లలకు ఒక సంగతి చూపించారు. పద్యంలో లఘువంటే పొట్టి అక్షరం, గురువంటే పొడుగు అక్షరం. చివర ఉన్న "ల" లఘువు, "గం" గురువు. మొదట ఉన్న "య" లఘువు, "మా" గురువు. అంటే తోక వచ్చి తలను కలుసుకుంటోంది. చివరి రెండక్షరాలు తీసేసి మిగిలిన ఎనిమిదింటినీ వలయంగా నిలబెడితే, ఎక్కడి నుంచి చూసినా పక్కపక్కనున్న ముగ్గురు ఒక గణమవుతారు, ఎనిమిది గణాలూ ఒక్కొక్కసారి మాత్రమే వస్తాయి. మా వాళ్లు సరిగ్గా ఎనిమిది మంది.

నాట్యం టీచరు గారు గురువుకు రెండు లెక్కలు నిలిచే అడుగు, చేయి చాచి, మోకాళ్లు పక్కలకు వంచిన అరమండిలో ఆగే భంగిమ ఇచ్చారు. లఘువుకు ఒక్క లెక్కలో పాదం తట్టి లేచే అడుగు ఇచ్చారు. ఒక ఎర్రని ఉత్తరీయాన్ని ముగ్గురు పిల్లలు పట్టుకుంటారు, వారి ముగ్గురి అడుగు కాగానే అది ఒక మనిషి మేర ముందుకు జరుగుతుంది, పక్కన కూర్చున్న అమ్మాయి వచ్చిన గణం పేరు రాగంలో పలుకుతుంది. మొదట దీన్ని ఆదితాళంలో కూర్చారు. నాలుగు గురువులకు ఎనిమిది, నాలుగు లఘువులకు నాలుగు, మొత్తం పన్నెండు లెక్కల వలయం ఎనిమిది లెక్కల తాళంలో ఒదగలేదు. ఒక చుట్టు ముగిసేసరికి తాళం రెండో ఆవర్తనం నడుమ ఉండేది, అడుగు ఆగిన చోట మృదంగానికి ఊతం దొరికేది కాదు. నేర్పేవారు ముగ్గురూ అక్కడే నిలబడి మాట్లాడుకుని, తాళాన్ని రూపకానికి మార్చారు. రెండు, నాలుగు కలిసి ఆరు లెక్కలు కాబట్టి చుట్టు సరిగ్గా రెండు ఆవర్తనాలలో ముగిసింది. కళలు కలవడం అంటే ఒకరు ఆడుతుంటే ఇంకొకరు వాయించడం అని అనుకునే మాకు, ఒకరి లెక్క కోసం ఇంకొకరు తమ తాళం మార్చుకోవడం కళ్లెదుట కనిపించింది.

ఆ ఘట్టం ఎంత బిగువైనదో నాలుగో ఆదివారం ఒక పొరపాటు వల్ల తెలిసింది. "భా" స్థానంలో నిలబడవలసిన ఎనిమిదో తరగతి కుర్రవాడు పరధ్యానంలో గురువుకు బదులు లఘువు తట్టాడు. పేర్లు పలికే అమ్మాయి "భగణం, నగణం, నగణం, నగణం" అని చదివి ఆగిపోయింది. రగణం, జగణం కనబడకుండా పోయాయి. ఒక్క పాదం తప్పితే మూడు గణాలు చెదిరిపోయాయి, ఎందుకంటే వలయంలో ప్రతి ఒక్కరూ మూడు గణాలలో ఉంటారు. తప్పు ఎవరిదని ఎవరూ అడగలేదు. నాలుగు కాకుండా ఐదుగురు గురువులో, ముగ్గురు గురువులో ఉంటే ఎప్పటికైనా కుదురుతుందా అని ఆ కుర్రవాడే అడిగాడు. ఎనిమిది గణాలనూ కాగితం మీద రాసి లెక్కపెట్టారు: గురువులు 12, లఘువులు 12. ఒక్కొక్కరూ మూడుసార్లు లెక్కకు వస్తారు కనుక వలయంలో గురువులు నలుగురే ఉండాలి, లఘువులు నలుగురే ఉండాలి. ఇది నిరూపణ. తొమ్మిదో తరగతి పుస్తకంలో నిరూపణ అనే మాట చూస్తేనే పేజీ తిప్పేసే పిల్లలు, తమ మధ్య ఎవరు తట్టాలి, ఎవరు నిలవాలి అనే అవసరం కోసం దాన్ని సొంతంగా చేశారు.

తరువాతి ఘట్టం హేమచంద్రుడిది. పన్నెండో శతాబ్దంలో గుజరాత్‌లో ఉన్న ఆ జైన పండితుడు, ఇన్ని మాత్రలను (లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు) లఘువులతోనూ గురువులతోనూ ఎన్ని విధాలుగా నింపవచ్చునని లెక్క కట్టాడు. రెండు మాత్రలకు రెండు విధాలు, మూడింటికి మూడు, నాలుగింటికి ఐదు, ఐదింటికి ఎనిమిది. చివరిది లఘువైతే అంతకు ముందు ఒక మాత్ర తక్కువ లెక్క, గురువైతే రెండు మాత్రలు తక్కువ లెక్క కాబట్టి ముందున్న రెండు సంఖ్యలనూ కలిపితే తరువాతిది వస్తుంది. ఇటలీ పండితుడు ఫిబొనాచ్చి 1202లో తన పుస్తకంలో కుందేళ్ల లెక్కగా ఇదే వరుస రాశాడు. ఐదు మాత్రలకు ఎనిమిది విధాలు, మా పిల్లలు ఎనిమిది మంది. ఒక్కొక్కరికి ఒక్కొక్క విధం ఇచ్చి అందరిచేతా ఒకేసారి ఐదేసి మాత్రల నడకైన ఖండగతిలో ఆడించారు.

ఈ ఘట్టాన్ని కళ్లు మూసుకుని వినాలి. ప్రతి మాత్ర మీదా కొత్తగా అడుగు వేసేవారి గజ్జెలే మోగుతాయి, గురువులో నిలిచినవారివి మోగవు. మొదటి మాత్రకు ఎనిమిది పాదాలు, రెండోదానికి ఐదు, మూడోదానికి ఆరు, నాలుగోదానికి ఆరు, ఐదోదానికి మళ్లీ ఐదు. ఎనిమిది, ఐదు, ఆరు, ఆరు, ఐదు అనే ఈ గజ్జెల మోత పెరుగుతూ తగ్గుతూ అలలాగా వస్తుంది. ఎవరూ దాన్ని స్వరపరచలేదు, లెక్కలోనే ఉంది. చివరి మాత్రలో ఐదుగురు పాదం తట్టగా ముగ్గురు నిశ్చలంగా నిలిచి ఉంటారు. ఐదుకు మూడు కలిస్తే ఎనిమిది అన్న హేమచంద్రుడి నియమం అదే. మృదంగం మేస్టారు ఆ చోట వాయించడం పూర్తిగా ఆపేసి గజ్జెలను మాత్రమే వినిపించనిచ్చారు. అంతటి విద్వాంసుడు చేయి తీసి ఒడిలో పెట్టుకోవడం నాకు ఎంతో గౌరవంగా తోచింది.

తాళాన్ని ముగించే ముక్తాయింపు కూర్చే పని పిల్లలకే వదిలారు. ఆదితాళం ఒక ఆవర్తనానికి, లెక్కకు నాలుగేసి చొప్పున, 32 అక్షరాలు. ఒకే మాటను మూడుసార్లు పలకాలి, నడుమ రెండు సమానమైన విరామాలు ఉండాలి, చివర సమం మీదికి రావాలి. విరామం ఒకటైతే మాట పది, నాలుగైతే ఎనిమిది, ఏడైతే ఆరు, పదైతే నాలుగు. పిల్లలు "తదిగిణతొం" రెండుసార్లు కలిపి పదక్షరాల మాట చేసుకుని ఒక్క అక్షరం విరామం పెట్టుకున్నారు. ఊపిరి తీసుకోవడానికి వ్యవధి లేదని టీచరు గారు హెచ్చరించినా వినలేదు, వారి ఎంపికే మంచిదని తరువాత తేలింది.

ఈ ఊరికి ఇలాంటి పని కొత్త కాదు. 1919లో మహారాజు విజయరామ గజపతి స్థాపించిన సంగీత కళాశాలకు మొదటి ప్రధానాచార్యులైన ఆదిభట్ల నారాయణదాసు గారు రెండు చేతులూ, రెండు పాదాలూ, శిరస్సుతో ఐదు తాళాలను ఏకకాలంలో చూపేవారన్నది ఇక్కడి సంగీతజ్ఞులు భక్తితో తలచుకునే సంగతి. మేస్టారు ఆ మాట చెప్పి పిల్లలచేత కుడిచేత్తో మూడు, ఎడమచేత్తో నాలుగు వేయించారు. పన్నెండు దగ్గర రెండు చేతులూ కలవాలి. పదకొండు మందిలో ఇద్దరికి మాత్రమే ఆ రోజు కుదిరింది. మిగిలినవారు తిరుగు ప్రయాణంలో బస్సు సీటు కమ్మీ మీద ఆ పని చేస్తూనే వచ్చారు.

ఇక లోపాల గురించి. ఐదో ఆదివారం, హేమచంద్రుడి వరుసలో పక్కపక్క సంఖ్యల నిష్పత్తి చేరువయ్యే స్వర్ణ నిష్పత్తి (సుమారు 1.618) మీద ఒక ఘట్టం పెట్టారు. తెర మీద పొద్దుతిరుగుడు పువ్వు, శంఖం బొమ్మలు కనిపిస్తూ ఉంటే పిల్లలు చేతులు పైకెత్తి వలయంగా తిరిగారు. ఆ తిరగడంలో నిష్పత్తి ఎక్కడా లేదు. తెర తీసేస్తే అది ఏ పాటకైనా సరిపోయే నాట్యం. వలయ ఘట్టంలో ఒక్క పాదం తప్పితే లెక్క చెడింది, ఇక్కడ ఎన్ని పాదాలు తప్పినా ఏమీ చెడదు. గణితం నాట్యంలో ఉందా, పక్కన నిలబడి ఉందా అని తెలుసుకోవడానికి నాకు దొరికిన గీటురాయి ఇదే. దుస్తుల మీద అంకెలు కుట్టించి ఆడించిన మరో చిన్న భాగం కూడా ఇలాంటిదే. నా అభిప్రాయం విని దాన్ని తీసేశారు, స్వర్ణ నిష్పత్తిని మాత్రం తల్లిదండ్రులకు నచ్చుతుందని ఉంచారు. ఆ ఏడు నిమిషాలూ, అక్షరాలకు అంకెలు ఇచ్చే కటపయాదికి ఇచ్చి ఉంటే ఎంత బాగుండేది! సంగీతం నేర్చుకునే పిల్ల మొదట పాడే మాయామాళవగౌళలో "మ"కు 5, "య"కు 1, తిరగేస్తే 15, 72 మూల రాగాల మేళకర్త పట్టికలో అది పదిహేనోది. మేచకల్యాణిలో "మ" 5, "చ" 6, తిరగేస్తే 65. రాగం పేరే దాని చిరునామా అయినప్పుడు, పాడే పిల్లలూ ఆడే పిల్లలూ కలిసి చేయగలిగిన పని అందులో ఎంతో ఉంది.

రెండో లోపం నాకు మరింత బాధ కలిగించింది. ఆరో ఆదివారం ఒక తప్పెటగుళ్ల కళాకారుణ్ని పిలిపించారు. రొమ్ముకు తప్పెట కట్టుకుని, కాళ్లకు గజ్జెలతో ఆయన ఆ చిన్న గదిలో నాలుగు గెంతులు వేసేసరికి కిటికీ రెక్కలు అదిరాయి. మా పిల్లల్లో ఇద్దరి తాతలు ఆ కళ తెలిసినవారు, వాళ్లు ఆయన్ని వదలకుండా ప్రశ్నలు అడిగారు. ఆయన దరువులలో అడుగు వేగం ఎలా రెట్టింపవుతుందో, వలయం ఎలా విడిపోయి కలుస్తుందో కూర్చుని పరిశీలించవలసిన సంపద. కానీ ప్రదర్శనలో ఆయన తప్పెటను ఘట్టానికీ ఘట్టానికీ నడుమ దుస్తులు మార్చుకునే విరామం నింపడానికి వాడారు. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల సొంత కళకు కనీసం రెండు ఆదివారాలు ఇవ్వవలసింది. ఈ మాట ముగ్గురికీ చెప్పాను, ఒప్పుకున్నారు.

ఒక బొబ్బిలి వీణ తెప్పించి టేపుతో తీగ కొలిపించిన పూట మాత్రం చక్కగా గడిచింది. తీగ పొడవులో సగం దగ్గర పై షడ్జం, మూడింట రెండు వంతులకు పంచమం, నాలుగింట మూడు వంతులకు మధ్యమం. 24 మెట్లలో పన్నెండో మెట్టు సగానికి సరిగ్గా రాలేదని ఒక పిల్ల పట్టుకుంది. నొక్కినప్పుడు తీగ బిగుసుకుంటుంది కాబట్టి ఆ కాస్త తేడాను మెట్టు సవరిస్తుందని లెక్చరరు గారు దాచకుండా చెప్పారు. అది ప్రదర్శనలోకి రాలేదు, రాకపోవడమే సబబు.

వసతుల విషయానికి వస్తే, గది పన్నెండు మందికి ఇరుకు, మెట్లు నిటారుగా ఉన్నాయి, ఫ్యాను ఒకటే. మంచినీళ్లు ఇంటివారే ఇస్తారు. తరగతి వేళ రెండుసార్లు ముందురోజు రాత్రి మార్చారు, పల్లెల నుంచి బస్సు మీద వచ్చేవారికి అది కష్టం. ఏడో ఆదివారం వయొలిన్ వాయించేవారు రాకపోతే రికార్డు పెట్టి ఆడించారు. మృదంగం పిల్లల ఊపిరిని చూసి ఆగుతుంది, రికార్డు ఆగదు. ముక్తాయింపు దగ్గర ఇద్దరు పిల్లలు తడబడ్డారు.

ప్రదర్శన మా బడి ఆవరణలో సాయంత్రం వేళ జరిగింది. మేడమీద నాపరాళ్ల నేలపై అంత స్పష్టంగా వినిపించిన ఎనిమిది, ఐదు, ఆరు, ఆరు, ఐదు మా మైదానం మట్టిలో ఇంకిపోయింది. ఈ సంగతి ఎవరికీ ముందు తట్టలేదు. మొదటి ఘట్టం కాగానే పిల్లలే పరుగున వెళ్లి తరగతి గదుల్లోంచి డెస్కులు మోసుకొచ్చి, వాటిని పక్కపక్కన చేర్చి, ఎనిమిది మందీ వాటి మీద నిలబడి మళ్లీ మొదలుపెట్టారు. చెక్క మీద ఆ మోత ఇంకా బాగుంది. వెనుక వరుసలో కూర్చున్న ఒక ముసలాయన, ఒక పిల్లవాడి తాత, వేళ్లు మడిచి లెక్కపెడుతూ ఐదో మాత్ర దగ్గర తల ఆడించడం నేను చూశాను. లెక్చరరు గారి వ్యాఖ్యానం మాత్రం తొమ్మిది నిమిషాలు సాగింది. రెండు నిమిషాలు చాలు.

వెళ్లాలనుకునే బడులవారికి కొన్ని సూచనలు. అడుగులకు ఎనిమిది మందికి తక్కువ కాకుండా పంపండి, వలయానికీ ఐదు మాత్రల ఘట్టానికీ ఆ సంఖ్య తప్పదు. ఒకరు మానేసినా మొత్తం ఆగిపోతుంది కాబట్టి అన్ని స్థానాలూ తెలిసిన తొమ్మిదో మనిషిని సిద్ధంగా ఉంచుకోండి. వయొలిన్ ప్రతి వారం ఉంటుందో లేదో మొదటే అడగండి. తప్పెటగుళ్లకు ఎన్ని ఆదివారాలు ఇస్తారో కూడా అడగండి. ప్రదర్శన ఎక్కడ జరుగుతుందో ఆ నేల మీద ఒక్కసారైనా ముందుగా ఆడించి చూడండి. నేను వచ్చే ఏడాది మరో ఎనిమిది మందితో వెళ్తున్నాను, ఆ "భా" కుర్రవాడు తొమ్మిదో మనిషిగా వస్తానన్నాడు.